ఊరగాయ జాడీ కింది చెక్క

ఆ ఆదివారం పొద్దున్న సత్యారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, మృత్యుంజయ మిస్త్రీని పిలుచుకురావడం, వీధి గుమ్మానికి ఒక గడప పెట్టించడం, శుక్రవారం లోపల పెళ్ళానికి ఫోన్ చేసి "గడప పెట్టించీసినాను" అని ఒక్క మాట చెప్పడం. అంతే. ఇందులో చిక్కు పడేంత సంగతి ఏముందని మీరూ నేనూ అనుకుంటాం. సత్యారావూ అలాగే అనుకున్నాడు పాపం.

ఆయన పెళ్ళాం అప్పమ్మ సోంపేటలో ఉన్న అక్క జగ్గమ్మకి మోకాలి ఆపరేషన్ అయితే సాయానికని వెళ్ళింది. ఎనిమిది రోజుల్లో వచ్చేస్తానంది. ఆ ఆదివారానికి ఇరవై మూడో రోజు. ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది గానీ అప్పమ్మ రాలేదు. బెంగాలీల ఊళ్ళో, ఖిదిర్‌పూర్ ఓడల డాక్ వెనక సందులో, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇద్దరూ కాపురముంటున్న ఒంటిగది ఇంట్లో, సత్యారావు రోజూ అన్నం వండుకుంటున్నాడు. రోజూ ఇద్దరికి సరిపడా వండేస్తున్నాడు. చేతికి ఆ కొలత ఒక్కటే వచ్చు. టికియాపారాలో అత్తవారింట ఉన్న కూతురు రాజకుమారి "మా ఇంటికి వచ్చీ నాన్నా" అని పిలిచింది. తను ఇల్లు వదిలి వెళ్ళిన పూటే అప్పమ్మ వచ్చేస్తుందేమోనని ఈయన కదల్లేదు.

మరి "రావే, నువ్వు లేకపోతే బాగోలేదు" అని ఫోన్లో అనొచ్చు కదా అంటారా? అనలేడు. సత్యారావు ఉద్యోగం డాక్‌లో క్రేన్ కింద నిలబడి, పైనున్న డ్రైవరుకి చేతులతో సైగలు చేయడం. ఎత్తు, దించు, ఆపు, మెల్లగా రా... ముప్ఫై నాలుగేళ్ళుగా అన్నీ చేతులతోనే. ఆ రొదలో నోరు తెరిచినా వినేవాడు ఉండడు గనక నోటికి పని అలవాటు తప్పిపోయింది. రోజూ సాయంత్రం అప్పమ్మకి ఫోన్ చేస్తాడు. గుండెల్లో బోలెడు ఉంటుంది. అది నోటి దాకా వచ్చేసరికి, "చింతపండు ఏ డబ్బాలో పెట్టినావు?" అవుతుంది.

"పై అరలో, పచ్చమూత డబ్బా," అంటుంది అప్పమ్మ. "ఇంకేటి?" అంటుంది. "ఇంకేటీ లేదు," అంటాడు. ఫోన్ పెట్టేశాక ఆ పచ్చమూత డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఆ పూట పులుసు పెట్టుకునే ఉద్దేశమే ఉండదు.

ఆమె బయల్దేరిన రోజు అన్న మాట ఒకటి ఆయన్ని కొరుక్కుతింటోంది. ఆ ఇంటికి గడప లేదు. గుమ్మానికి రెండు పక్కలా నిలువు కర్రలు, పైన అడ్డకర్ర, కింద వట్టి సిమెంటు నేల. కాపురానికి వచ్చిన కొత్తలోనే, "గడప లేకపోతే పసుపు ఎక్కడ రాయాల?" అని అడిగింది అప్పమ్మ. "పెట్టిస్తానులే" అన్నాడు. అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం ఆమె ఆ సిమెంటు మీదే గడప ఉన్నంత మేర పసుపు రాసి, బొట్లు పెడుతోంది. సందులో వచ్చేపోయేవాళ్ళు చెప్పులతో తొక్కేస్తారు. వానొస్తే నీళ్ళు కడిగేస్తాయి. బయల్దేరిన రోజూ వానే. కొట్టుకుపోతున్న పసుపు వంక చూసి, "గడప లేని కొంపకి వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే," అంది. దానికి సత్యారావు, "నిమ్మళంగా ఉండి రా. నాకేటి ఇబ్బంది లేదు," అన్నాడు. ఎంతో పెద్దమనసు చేసుకుని అన్న మాట అది. ఆమె సంచీ ఎత్తుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇరవై మూడు రోజులు ఆలోచించి, లోపమంతా గడపలోనే ఉందని తేల్చుకున్నాడు. చెక్క మాత్రం సిద్ధంగానే ఉంది. పదకొండేళ్ళ కిందట ఒక పాత పడవని విడగొట్టి వేలం వేస్తే, అచ్చంగా గడప కోసమే కొనితెచ్చిన టేకు చెక్క. తెచ్చిన రోజు మంచం కింద పెట్టారు. మర్నాడు నేల చెమ్మ తగలకుండా దాని మీద ఊరగాయ జాడీ పెట్టింది అప్పమ్మ. జాడీకి ఆ చోటు కుదిరిపోయింది, గడప సంగతి అక్కడితో ఆగిపోయింది.

మృత్యుంజయ మిస్త్రీ ఆ పేటలో పేరున్న వడ్రంగి. ఆయన చేసిన పనికి వంక పెట్టినవాడు లేడు, పూర్తయిన పనిని చూసినవాడూ తక్కువే. ఆయనకి ఒక పద్ధతి ఉంది. ఏ ఇంట్లో పని మధ్యలో ఆపినా, తిరిగి వస్తానన్న నమ్మకానికి ఒక పనిముట్టు ఆ ఇంట్లో వదిలి వెళతాడు. దాంతో రంపం ఒక ఇంట్లో, ఉలి ఒక ఇంట్లో, చిత్రిక ఇంకో ఇంట్లో ఉంటాయి. ఇక్కడ పని చేయాలంటే అక్కడికెళ్ళి పనిముట్టు తెచ్చుకోవాలి. అక్కడివాళ్ళు "ముందు మా కిటికీ సంగతి చూడు" అని పట్టుకుంటారు. మంచివాడు గనక కూర్చుండిపోతాడు.

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది బెంగాలీలో. మనం మన మాటల్లో చెప్పుకుందాం.

"గుమ్మానికి కింది కర్రా దాదా? మా అమ్మమ్మ ఇంట్లో ఉండేది. ఈ రోజుల్లో ఎవరు పెట్టించుకుంటున్నారు? కాలికి తగులుతోందని ఉన్నవాళ్ళే కోయించేస్తున్నారు," అన్నాడు మృత్యుంజయ.

"నాకు కావాలి."

"ఎలుకలు వస్తున్నాయా?"

"లేదు."

"వాన నీళ్ళకా?"

"నీళ్ళు ఎలాగూ వస్తాయి."

"మరెందుకు?"

సత్యారావు కాస్త ఆలోచించాడు. "పసుపు రాయడానికి," అన్నాడు.

మృత్యుంజయ ఆయన మొహం చూశాడు, ఖాళీ ఇల్లు చూశాడు, పొయ్యి మీద అడుగంటిన అన్నం గిన్నె చూశాడు. "బౌది ఎప్పుడొస్తారు?" అని మెల్లగా అడిగాడు. అన్నని దాదా అని, వదినగారిని బౌది అని అంటారు అక్కడ.

"శుక్రవారం," అనేశాడు సత్యారావు. అలాగని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నోటికి ఎలా వచ్చిందో కూడా తెలీదు. కానీ వచ్చాక అది నిజమే అయితే బావుండునని గట్టిగా అనుకున్నాడు.

మృత్యుంజయ గుమ్మం కర్రని వేలి కణుపులతో తట్టి చూశాడు. ఒకచోట టక్కుమంది, ఇంకోచోట డబ్బా మోగినట్టు మోగింది. మేకుతో పొడిస్తే మేకు తల దాకా దిగి, బోలెడు చెదపురుగులు రాలాయి. "కింది కర్ర ఒక్కటీ అతికిస్తే కుదరదు దాదా. నాలుగు కర్రలూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. అప్పుడే గడప. లేకపోతే అది ఊరికే తన్నుకుపడే కర్ర. మొత్తం గుమ్మం తీసేసి కొత్తది పెడతాను. ఒక్కరోజు పని," అన్నాడు. నాలుగు కర్రలూ ఒకదాన్నొకటి పట్టుకోవాలన్న మాట సత్యారావుకి ఎంతగానో నచ్చింది. సరేనన్నాడు.

సోమవారం పొద్దున్న తలుపు ఊడదీసి లోపల గోడకి ఆనించారు. మధ్యాహ్నానికి పాత గుమ్మం ఊడి వీధిలోకి వచ్చింది. ఆ తర్వాత మృత్యుంజయ తల గోక్కుని, "రంపం మొమిన్‌పూర్‌లో ఉండిపోయింది. ఇట్టే వెళ్ళి అట్టే వస్తాను," అని సుత్తి వదిలేసి వెళ్ళాడు. సుత్తి చూడగానే సత్యారావుకి సంగతి అర్థమైంది. కానీ అప్పటికే ఇంటికి తలుపు లేదు, గుమ్మమూ లేదు.

ఏదో ఒకటి అడ్డం కట్టాలి గదా! ట్రంకుపెట్టె తీస్తే అప్పమ్మ పసుపురంగు నూలుచీర పైనే కనిపించింది. ఎర్ర అంచుది. దాన్ని తెరలా కట్టాడు. గాలికి ఆ చీర ఊగినప్పుడల్లా కలరా ఉండల వాసనలోంచి కొబ్బరినూనె వాసన వస్తోంది. ఆ పక్కనే స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. కాపలాయో, చీర పక్కన కూర్చోవడమో ఆయనకే సరిగా తెలీదు. రాత్రి కూడా స్టూలు మీదే కునికాడు.

మంగళవారం పైనుంచి రెండు ఇటుకలు రాలాయి. గుమ్మం ఉన్నన్నాళ్ళూ గోడ బరువు మోస్తున్నది ఆ చెదపట్టిన కర్రేనట. ఇటుకల చప్పుడికి ఎదురుగా క్లబ్బులో క్యారమ్స్ ఆడుతున్నవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. దసరా పందిరి కోసం దాచిన వెదురుబొంగులు వాళ్ళ దగ్గర దండిగా ఉన్నాయి. "కాకా, మేముండగా భయమేంటి?" అని అరగంటలో నాలుగు బొంగులు పాతి, పైన రెండు అడ్డం వేసి, తాళ్ళు బిగించి గోడని నిలబెట్టారు. సత్యారావు చేతులు జోడించాడు. ఇంటి ముందు చిన్న పందిరి లేచిందన్న సంగతి మాత్రం ఆయనకి తోచలేదు.

ముందే పెట్టుకున్న రెండు రోజుల సెలవు అయిపోయింది, బుధవారం డ్యూటీకి వెళ్ళాలి. తలుపు లేని ఇల్లు వదిలి ఎలా వెళ్ళడం? పక్కింటి ప్రసన్నకుమార్ కూడా అదే షెడ్డులో పనిచేస్తాడు. అతన్ని పిలిచి, "బావూ, మూడురోజులు రానని ఆఫీసులో చెప్పీ," అన్నాడు.

"ఏటని చెప్పమంటావు బావా?"

తలుపు లేదని చెబితే డాక్ అంతా పదిరోజులు నవ్వుకుంటుంది. జ్వరమని చెబితే డాక్టరు చీటీ అడుగుతారు. సత్యారావు తల గోక్కుని, "ఇంట్లో శుభకార్యమని చెప్పు," అన్నాడు. గడప పెట్టడం శుభకార్యమే కదా. ఇందులో అబద్ధం ఎక్కడుంది?

"నీ ఇంట్లోనా? అప్పమ్మక్క లేకుండానా?" అన్నాడు ప్రసన్నకుమార్.

"ఆఁ," అని ఊరుకున్నాడు సత్యారావు. మాటని ఎక్కడ ఆపకూడదో ఎప్పుడూ సరిగ్గా అక్కడే ఆపుతాడు ఆయన.

ప్రసన్నకుమార్ భార్య పుష్పరాణి. మనిషి మంచిదే, చేతిసాయం అడిగితే కాదనదు. నోట్లో నువ్వుగింజ మాత్రం నానదు. సాయంత్రం చేటలో బియ్యం ఏరుకుంటూ వచ్చి గుమ్మం ముందు నిలబడింది.

"అన్నయ్యా, ఏటో శుభకార్యమంట?"

"ఆఁ. శుక్రవారం మంచిరోజేనా పుష్పా?"

"శ్రావణ శుక్రవారం. అంతకన్నా మంచిరోజు ఏటుంటాది?"

"మామిడాకులు ఎక్కడ దొరుకుతాయి?"

"పూలబజార్లో దొరుకుతాయి. ఎందుకూ?"

"తోరణానికి. మరి... కొత్త గడప దాటి లోపలికొచ్చీటప్పుడు కుడికాలే కదా ముందు పెట్టాల?"

పుష్పరాణి చేతిలో చేట ఆగిపోయింది. "ఎవులు?" అంది.

సత్యారావుకి సిగ్గు ముంచుకొచ్చింది. ఇల్లాలు రావాలని ఇంత ఆరాటపడుతున్నానని పరాయి ఆడకూతురితో ఎలా చెప్పడం? పైగా ముందే బయట పెడితే జరగాల్సింది జరగదేమోనని భయం. నేల చూపులు చూస్తూ, "వచ్చినాక చూస్తావు కదా. హారతి నువ్వే ఇయ్యాల," అన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి బుగ్గలు ఎర్రబడటం పుష్పరాణి కళ్ళారా చూసింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని సత్యారావుకి శుక్రవారం దాకా తెలీదు. మనకి తెలిస్తే తప్పులేదు. ఇంట్లోకి వెళ్ళి, చేట కింద పడేసి, సోంపేటకి ఫోన్ చేసింది. "వదినా, నీకు చెప్పకూడదు గానీ చెప్పకుండా ఉండలేను. అన్నయ్య శుభకార్యమని సెలవెట్టినాడు. ఇంటి ముందు పందిరి లేసింది. గుమ్మానికి పసుపు చీర కట్టినాడు. శ్రావణ శుక్రవారం కొత్త గడప. ఎవుతో కుడికాలు పెట్టి లోపలికొస్తాదంట, నన్ను హారతి ఇమ్మన్నాడు. ఎవులని అడిగితే సిగ్గుపడతన్నాడు, కొత్త పెళ్ళికొడుకు లాగ!" ఒక ఫొటో కూడా పంపింది. అందులో పందిరి ఉంది, చీర ఉంది, చీర అంచుని చేత్తో నిమురుతున్న సత్యారావు ఉన్నాడు. ఆమె చెప్పినదాంట్లో ఆ "ఎవుతో" ఒక్కటి తప్ప ఊహ లేదు.

గురువారం క్లబ్బువాళ్ళు మళ్ళీ వచ్చారు. శుభకార్యం మాట వాళ్ళ దాకా పాకింది. "కాకా, మాకు చెప్పనేలేదు! మంచిపనికి ఉత్త వెదురుబొంగులు ఉంటే మా క్లబ్బు పరువేం కాను?" అని ఎర్రగుడ్డా పసుపుగుడ్డా చుట్టారు, చిన్నచిన్న లైట్ల దండలు వేలాడదీశారు. వద్దందామని సత్యారావు నోరు తెరిచాడు. పైకి చూస్తే గోడ మొత్తం వాళ్ళ బొంగుల మీద నిలబడి ఉంది. నోరు మూసుకున్నాడు. మైకు మాత్రం వద్దని చేతులతో సైగ చేశాడు, అది వాళ్ళు దయతో ఒప్పుకున్నారు.

మృత్యుంజయ జాడ లేదు. రేపే శుక్రవారం. గడప పెట్టాక పిలవాలన్నది పథకం. కానీ ఆ సాయంత్రం పథకాన్ని పట్టుకుని కూర్చునే ఓపిక ఆయనకి లేకపోయింది. గడప లేకపోయినా సరే, ఇవాళ చింతపండు ఊసు ఎత్తకుండా అసలు మాటే అనేయాలని నిశ్చయించుకుని అప్పమ్మకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. నాలుగుసార్లు చేశాడు. అయిదోసారి స్విచాఫ్ అని వచ్చింది. ఇరవై ఏడు రోజుల్లో ఆమె ఫోన్ ఎత్తకపోవడం అదే మొదలు.

వెంటనే జగ్గమ్మకి చేశాడు. "వదినా, అప్పమ్మ..." అన్నాడో లేదో, "నీకు సిగ్గు లేదేటి మరిదీ, ఈ వయసులో?" అని జగ్గమ్మ ఫోన్ పెట్టేసింది.

సత్యారావు నిర్ఘాంతపోయాడు. తర్వాత ఆలోచించి చూస్తే న్యాయమే అనిపించింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క గడప పెట్టించలేకపోయినవాడికి సిగ్గు ఉందని ఎవరంటారు? చీకటి పడుతోంది, చినుకులు పడుతున్నాయి, క్లబ్బువాళ్ళ లైట్లు ఎర్రగా పచ్చగా వెలిగి ఆరుతున్నాయి. చీర కొంగు తడుస్తుంటే చేతిలోకి తీసుకున్నాడు. నాకేటి ఇబ్బంది లేదని అన్నాను. ఎంత అబద్ధం! పొద్దున్న లేస్తే ఇబ్బంది, కంచం ముందు కూర్చుంటే ఇబ్బంది, డాక్ నుంచి వచ్చి తాళం తీసుకుని లోపలికి వెళ్ళడం అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది. "రా," అని చీరతో అని చూశాడు. మాట సరిగ్గా రాలేదు. ఇంకోసారి అన్నాడు. ఆయనకి తెలియకుండానే రెండు చేతులూ లేచి, మెల్లగా రా అని క్రేన్ సైగ చేస్తున్నాయి.

శుక్రవారం తెల్లవారగానే మృత్యుంజయ మిస్త్రీ ఊడిపడ్డాడు. రంపం, ఉలి, చిత్రిక, అన్నీ సంచీ నిండా ఉన్నాయి. మూడిళ్ళ వాళ్ళతో పోట్లాడి తెచ్చుకున్నాడట. "ఇవాళ బౌది వచ్చే రోజు కదా దాదా, మాట పోగొట్టుకుంటానా?" అన్నాడు. నిలువు కర్రలూ పైకర్రా తన ఇంట్లో ముందే చెక్కి తోపుడు బండి మీద తెచ్చాడు. ఇక ఆయన పని చూడాలి! తొమ్మిదింటికల్లా గుమ్మం నిలబడింది, గోడ దాని మీద హాయిగా కూర్చుంది, కింద టేకు గడప నాలుగో కర్రగా బిగిసింది. ఆనక మృత్యుంజయ తలుపు చిత్రిక పట్టడానికి చీర తప్పించుకుని లోపలికి వెళ్ళాడు.

సత్యారావు మామిడాకులు కట్టి, మోకాళ్ళ మీద కూర్చుని గడపకి పసుపు రాశాడు. ఎప్పుడూ చేసిన పని కాదు. పావుకిలో పసుపు కలిపేశాడు, మోచేతుల దాకా పూసుకున్నాడు, నుదుటి మీద చెమట తుడుచుకుంటే అక్కడా అంటుకుంది. ఎవరొస్తారని ఇదంతా? రాదు. ఫోనే ఎత్తలేదు, వస్తుందా? అయినా బొట్లు వరసగా పెట్టుకుంటూ పోయాడు.

తలెత్తి చూస్తే సందంతా జనం. క్లబ్బువాళ్ళు, ప్రసన్నకుమార్, ఎదురింటి బెంగాలీ ఆడవాళ్ళు, అందరికన్నా ముందు హారతిపళ్ళెం పట్టుకుని, పెదవులు బిగించుకుని పుష్పరాణి. కొత్త పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చారని ఆయనకి తెలీదు. గడపని చూడ్డానికి ఇంతమందా అని ఆశ్చర్యపోయాడు. అంతలో సందు మొగలో పసుపు టాక్సీ ఆగింది.

టాక్సీ దిగింది అప్పమ్మ. తీసుకెళ్ళిన సంచే చేతిలో ఉంది. రైల్లో రాత్రంతా నిద్ర లేక జుట్టు రేగిపోయి ఉంది. పందిరి చూసింది, లైట్లు చూసింది, తోరణం చూసింది, ఒళ్ళంతా పసుపుతో నిలబడ్డ మొగుణ్ణి చూసింది.

"పుష్పా, ఎవుతికే ఆ హారతి?"

"నాకేటి తెలుసు వదినా! పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను."

అప్పమ్మ సంచీ నేలకేసి కొట్టింది. "ఏటయ్యా! ముప్ఫై ఒక్క ఏళ్ళు సిమెంటు మీద పసుపు రాసినాను. నానడిగితే పెట్టిస్తానులే, పెట్టిస్తానులే. ఎవుతో వస్తాదంటే నాలుగురోజుల్లో గడప లేచిపోనాదా? నా చీరే తెర కట్టినావా దానికి? ఎక్కడ దాచినావు? లోపలున్న మనిషి ఇప్పుడే బైటికి రావాల! నాను చూడాల!"

లోపల చిత్రిక చప్పుడు ఆగింది. పసుపు చీర మెల్లగా పక్కకి జరిగింది. సందంతా మెడలు సాచింది. జుట్టులో చెక్కపొట్టు, చెవి మీద పెన్సిలు, చేతిలో చిత్రికతో మృత్యుంజయ మిస్త్రీ బయటికి వచ్చి, "నన్నేనా బౌది?" అని వినయంగా దణ్ణం పెట్టాడు.

అప్పమ్మ ఆయన భుజం మీంచి లోపలికి తొంగి చూసింది. మంచం, పొయ్యి, గోడకి ఆనించిన తలుపు, నేలంతా చెక్కపొట్టు. "ఇంకెవులున్నారు?" అంది.

"ఇంకెవులుంటారు?" అన్నాడు సత్యారావు, ఏమీ అర్థం కాక.

అప్పమ్మ పుష్పరాణి వైపు తిరిగింది. పుష్పరాణి పళ్ళెం గుండెలకి హత్తుకుని ఒకడుగు వెనక్కి వేసింది. "నాను చూసిందే చెప్పినాను వదినా! పందిరి లేదేటి? చీర లేదేటి? సిగ్గుపడలేదేటి?" అంది. ప్రసన్నకుమార్ మాత్రం సందు చివరికి చూస్తూ దగ్గాడు.

అప్పమ్మ అప్పుడు కిందికి చూసింది. పసుపు పూత కింద ఒకచోట గుండ్రంగా, నల్లగా మచ్చ కనిపిస్తోంది. వంగి కొంగుతో తుడిచింది. ఊరగాయ జాడీ అడుగు పదకొండేళ్ళు కూర్చుని నూనె దింపిన మచ్చ. "ఇది మంచం కింద చెక్క కదా?" అంది. గొంతులో వేడి తగ్గింది.

"చిత్రిక పడితే ఆ మచ్చ పోయేది బౌది. దాదా పడనివ్వలేదు. మా ఆవిడ జాడీ గుర్తు, ఉండనీ అన్నాడు," అన్నాడు మృత్యుంజయ.

"గడప లేదని కదా నువ్వు రాలేదు? అందుకని..." అన్నాడు సత్యారావు.

"గడప లేదని రాలేదా? గడప లేకుండా ముప్ఫై ఒక్క ఏళ్ళు నాను ఉండలేదేటి? బండెక్కీ మనిషితో నాకేటి ఇబ్బంది లేదన్నావు. ఇబ్బంది లేనోడింటికి నానెందుకు రావాల? రోజూ సాయంత్రం ఫోను ఒళ్ళో పెట్టుకుని కూకున్నాను. చింతపండెక్కడ, ఆవాలెక్కడ, అగ్గిపెట్టెక్కడ! బేగి రా అని ఒక్కపాలి అన్నావేటి?" అప్పమ్మ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

సత్యారావు నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. పసుపు పూసిన చేతులు రెండూ వాటంతట అవే పైకి లేచాయి. అరచేతులు తనవైపు తిప్పి, వేళ్ళు మెల్లగా ముడిచి విప్పుతూ, మెల్లగా రా, మెల్లగా రా అన్నాయి.

ఆ సైగ అప్పమ్మకి తెలుసు. పెళ్ళయిన కొత్తలో అన్నం డబ్బా పట్టుకుని డాక్ గేటు దగ్గర నిలబడితే, దూరం నుంచి అలాగే పిలిచేవాడు. అయినా తల అడ్డంగా ఊపింది. "చేతులు కాదు. నాను క్రేన్ని కాదు. నోటితో అను."

"రా," అన్నాడు సత్యారావు. మొదటి మాట బయట పడ్డాక మిగతావి దాని వెనకే వచ్చేశాయి. "నువ్వు లేకపోతే ఏటీ బాగోలేదే. పొద్దు పోదు, ముద్ద దిగదు. రోజూ ఇద్దరికీ వండీసి ఒక్కణ్ణీ తినలేక చస్తన్నాను. నాకు శానా ఇబ్బందిగా ఉంది. రా."

సందులో సగం మందికి ఆ భాష రాదు. అయినా ఎదురింటి ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. పుష్పరాణి గబగబా కర్పూరం వెలిగించింది. చేసిన పనికి ఆ మాత్రమైనా చేయాలి కదా. అప్పమ్మ రేగిన జుట్టు సవరించుకుంది, కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుంది, కుడికాలు గడప దాటించి లోపల పెట్టింది. ఎదురింటివాళ్ళు వాళ్ళ పద్ధతిలో నాలుక ఆడిస్తూ ఉలూలూ అన్నారు. క్లబ్బువాళ్ళు పట్టపగలు లైట్లన్నీ వేసేశారు.

లోపలికి వెళ్ళిన అప్పమ్మ ముందు చేసిన పని మాడిన గిన్నె ఎత్తి చూడటం, రెండోది మొగుణ్ణి తిట్టడం. ఆ తిట్లు వింటూ సత్యారావు స్టూలు మీద కూర్చుని, మోచేతుల పసుపు కడుక్కోకుండా అలాగే ఉండిపోయాడు. మధ్యాహ్నం పులుసు పెట్టింది. ఇద్దరికి సరిపడా అన్నం ఇద్దరే తిన్నారు.

"గడప కోసం రాలేదు, నీ కోసమూ రాలేదు," అంది అప్పమ్మ కంచాలు తీస్తూ. "సవితి కోసం వచ్చినాను. అది కనబడలేదు. ఇంక నానే ఉంటాను, ఏటి చేస్తాను!"

సాయంత్రం మృత్యుంజయ తలుపు ఎత్తి గుమ్మానికి పెట్టి చూశాడు. కింద కొత్తగా గడప వచ్చింది గనక తలుపు నాలుగువేళ్ళ పొడుగు ఎక్కువైంది. కోయాలి. కానీ వానకి ఉబ్బి ఉంది, తడి చెక్క కోస్తే ఎండాక కురచైపోతుందట. "నాలుగురోజులు మంచి ఎండ కాయనీ బౌది, ఇట్టే వచ్చి అట్టే పెట్టేస్తాను," అని, ఈసారి నమ్మకం మరింత గట్టిగా ఉండాలని సంచీ మొత్తం వదిలి వెళ్ళాడు.

తలుపు ఇంకా గోడకే ఆనించి ఉంది, గుమ్మానికి పసుపు చీరే ఉంది. మిస్త్రీ సంచీ మంచం కింద పెట్టారు, మర్నాడు అప్పమ్మ దాని మీద ఊరగాయ జాడీ పెట్టేసింది.